లైకు కొట్టని కస్టమర్ కోసం

(బాలానగర్‌లో చిన్న పరిశ్రమల యజమానుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. షెడ్డు సూపర్‌వైజర్‌కి అప్పజెప్పి వచ్చారు, మధ్యలో ఫోన్లు మోగుతూనే ఉంటాయి. అందుకని సోషల్ మీడియా ఎంత గొప్పదో చెప్పే ఉపోద్ఘాతం వదిలేసి నేరుగా విషయంలోకి వస్తాను.

ఇక్కడికి వచ్చే ముందు, వ్యాపార పరిచయాల సైట్ లింక్డిన్‌లో మీలో కొందరి పేజీలు చూశాను. సంక్రాంతి శుభాకాంక్షలు, ఉగాది శుభాకాంక్షలు, హైటెక్స్ ఎగ్జిబిషన్‌లో స్టాల్ ముందు నిలబడిన ఫొటో, మళ్ళీ దసరా శుభాకాంక్షలు. అన్నింటికీ మూలన లోగో. ఆయుధ పూజ రోజు లేత్‌కి బొట్టు పెట్టిన ఫొటో మాత్రం నాకు నచ్చింది, కనీసం దాంట్లో మెషీన్ కనిపించింది కాబట్టి. లైకులు ఎవరు కొట్టారా అని కూడా చూశాను. బంధువులు, ఇన్సూరెన్స్ ఏజెంట్లు, మీకు స్టీలు అమ్మే డీలరు. మీకు పీవో, అంటే పర్చేజ్ ఆర్డర్, ఇచ్చే మనిషి ఒక్కరూ లేరు.

మరి పర్చేజ్ మేనేజర్లు లింక్డిన్‌లో లేరా అంటే, ఉన్నారు. చూస్తారు కూడా. లైకు కొట్టరంతే. పాశమైలారంలో ఒక ఫార్మా కంపెనీ పర్చేజ్ మేనేజర్ మీ పోస్టుకి లైకు కొట్టారనుకోండి, మర్నాటికల్లా మీ పోటీదారులు నలుగురు ఆయనకి ఫోన్ చేస్తారు. పై బాసు ‘ఏంటి, వీళ్ళు మీకు తెలిసినవాళ్ళా?’ అంటాడు. ఎందుకొచ్చిన తంటా అని చదివి ఊరుకుంటారు. ఆ ఊరుకునేవాళ్ళే మన ఆడియన్స్. ఈరోజు నేను చెప్పేదంతా వాళ్ళ కోసం ఎలా రాయాలన్నదే.

కంపెనీలకు సరుకో సర్వీసో అమ్మేవాళ్ళ గురించి ఆస్ట్రేలియాలోని ఎరెన్‌బర్గ్-బాస్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ జాన్ డాస్ 2021లో ఒక లెక్క చెప్పారు. ఒక కంపెనీ అయిదేళ్ళకోసారి కొత్త సప్లయర్ కోసం చూస్తుందనుకుంటే, ఏ ఏడాదిలోనైనా 20 శాతం మందే కొనే పనిలో ఉంటారు. మూడు నెలలు తీసుకుంటే 5 శాతం. మిగతా 95 శాతానికి ఇప్పుడు మనతో అవసరం లేదు. ఇది ఉజ్జాయింపు లెక్కే. కటింగ్ టూల్స్ నెలనెలా కొంటారు, కెమికల్ రియాక్టర్ ఏళ్ళకోసారి కొంటారు, కాబట్టి సరుకును బట్టి మారుతుంది. కానీ ఒకటి తేలుతుంది. ‘ఈరోజే సంప్రదించండి, స్పెషల్ డిస్కౌంట్’ అని పెట్టే పోస్టు వందలో ఆ అయిదుగురికే పనికొస్తుంది. వాళ్ళేమో అప్పటికే మూడు కొటేషన్లు తెప్పించుకుని కూర్చుంటారు. మనం రాయాల్సింది మిగతా వాళ్ళకి. రేపు ట్యాంకు లీకైన రోజో, కొత్త బ్లాకు కట్టే రోజో మన పేరు వాళ్ళకి తట్టాలి.

తట్టాలంటే ఏం రాయాలి? జీడిమెట్లలో స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాంకులు చేసే ఒకాయన ఉన్నారనుకుందాం. ఇప్పుడు ఆయన పోస్టు ‘క్వాలిటీయే మా ధ్యేయం’ అని ఉంటుంది. క్వాలిటీ మా ధ్యేయం కాదు అని బోర్డు పెట్టుకున్న షెడ్డు నేనైతే చూడలేదు. దాని బదులు ఆయన ఇలా మొదలుపెట్టొచ్చు: ‘ట్యాంకు బిగించి ఏడాది కాలేదు, వెల్డు పక్కన గోధుమరంగు చుక్కలు. స్టెయిన్‌లెస్‌కి తుప్పు ఎలా పట్టింది?’

ఇక కింద ఆయనకు తెలిసిందే రాస్తారు. నీళ్ళలో క్లోరైడ్ ఎక్కువుంటే 304 గ్రేడు స్టెయిన్‌లెస్‌కి చుక్కలు చుక్కలుగా గుంటలు పడతాయి. 316 గ్రేడులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది కాబట్టి అది మెరుగ్గా తట్టుకుంటుంది. దాంట్లోనే తక్కువ కార్బన్ రకం 316ఎల్‌లో కార్బన్ 0.03 శాతానికి మించదు కాబట్టి వెల్డింగ్ జరిగే చోట ఇంకా నయం. అంతటితో అయిపోలేదు. 316ఎల్ డబ్బులు పెట్టి కొని కూడా, వెల్డింగ్ అయ్యాక వచ్చిన నీలి రంగు మరకను పిక్లింగ్, ప్యాసివేషన్ (ఆమ్లంతో శుభ్రం చేసి, రక్షణ పొర మళ్ళీ ఏర్పడేలా చూడటం) చేయకుండా వదిలేస్తే అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది. ఎందుకంటే ఆ మరక కింద పైపొరలో క్రోమియం తగ్గిపోయి ఉంటుంది. పక్కన రెండు ఫొటోలు: మరక ఉన్న వెల్డు, శుభ్రం చేసిన వెల్డు. చివర ఒక మాట: ‘డెలివరీ తీసుకునేటప్పుడు మ్యాన్‌హోల్‌లోంచి టార్చి వేసి ఈ చోటు చూడండి.’

ఈ పోస్టుకి పన్నెండు లైకులు వస్తాయి, నవ్వకండి. కానీ ఒక మెయింటెనెన్స్ ఇంజనీర్ దాన్ని స్క్రీన్‌షాట్ తీసి వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఆ సంగతి లింక్డిన్ లెక్కల్లో ఎక్కడా కనబడదు.

అందరూ వేసే ప్రశ్న ఒకటుంది: ‘ఇవన్నీ రాసేస్తే పక్క షెడ్డువాడు కాపీ కొట్టడా?’ కొట్టనివ్వండి. 304కీ 316కీ తేడా పాఠ్య పుస్తకాల్లో ఉన్నదే. మీ దగ్గరున్నది మీ వెల్డర్ చెయ్యి, మీ రేటు, మీ డెలివరీ. వాటిని పోస్టులో పెట్టమని నేను చెప్పడం లేదు.

మొదటి రెండు వాక్యాల సంగతి విడిగా చెప్పాలి. లింక్డిన్ పోస్టులో 3000 అక్షరాల దాకా రాయొచ్చు గానీ, తెర మీద కనిపించేది రెండు మూడు లైన్లే. మిగతాది చదవాలంటే ‘మోర్’ నొక్కాలి. ఆ రెండు లైన్లూ ‘మా కంపెనీ ఈ సంతోషకరమైన సందర్భంలో’ అని పోతే ఇక నొక్కేదెవరు? పైగా పోస్టు దగ్గర మనిషి ఎంతసేపు ఆగుతున్నాడన్నది కూడా తాము లెక్కలోకి తీసుకుంటామని లింక్డిన్ ఇంజనీర్లే 2020లో రాశారు. లైకు కొట్టకుండా చదివిన మన మెయింటెనెన్స్ ఇంజనీర్ ఆ లెక్కలో ఉన్నాడన్నమాట. ఫాలోవర్లను కొనిపెడతామని ఫోన్లు చేసేవాళ్ళున్నారు. ఆ డబ్బుతో ఒక మంచి ట్రైపాడ్ కొనుక్కోండి.

కంపెనీ పేజీ కంటే యజమాని సొంత ప్రొఫైల్ నుంచి పెట్టడం మంచిదని నా అభిప్రాయం. లోగోతో ఎవరూ మాట్లాడరు, మనిషితో మాట్లాడతారు. పేజీ ఉండాలి, అడ్రసు కోసం, నమ్మకం కోసం. రాత మాత్రం మీ పేరు మీద రావాలి. మీ పేరు కింద హెడ్‌లైన్‌కి 220 అక్షరాలు ఇస్తారు. చాలామంది ‘మేనేజింగ్ డైరెక్టర్’ అని రాసి మిగతాది ఖాళీగా వదిలేస్తారు. ఏం చేస్తారు, ఎవరికి చేస్తారు, ఎక్కడ చేస్తారు, ఈ మూడూ అక్కడ ఉండాలి.

రాయడానికి టైమ్ లేదంటారు. రాయొద్దు, మాట్లాడండి. సాయంత్రం షెడ్డు మూసేటప్పుడు ఆ రోజు కస్టమర్ అడిగిన ప్రశ్న ఒకటి తీసుకుని, మీరిచ్చిన జవాబు రెండు నిమిషాలు వాయిస్ నోట్‌లో చెప్పండి. ఆఫీసులో కొటేషన్లు టైప్ చేసే అమ్మాయో అబ్బాయో దాన్ని రాతలోకి దించుతారు. చాట్‌జీపీటీతో అక్షర దోషాలు దిద్దించుకుంటే తప్పులేదు. మొత్తం దాని చేతే రాయిస్తే మాత్రం మీ పోస్టూ, చెర్లపల్లిలో ఇంకొకాయన పోస్టూ కవల పిల్లల్లా ఉంటాయి. వారానికి ఒకటి చాలు. రోజూ పెట్టాలని టెన్షన్ పడితే నెలలో ఆపేస్తారు.

ఏ భాషలో అంటే, ఎవరు చదవాలో దాన్ని బట్టి. ఆర్డర్లు గుజరాత్‌లోని వాపి నుంచో అంకలేశ్వర్ నుంచో రావాలనుకుంటే ఇంగ్లీషు తప్పదు, సాదా ఇంగ్లీషు చాలు. మంచి ఫిట్టర్లు, వెల్డర్లు కావాలంటే తెలుగులో చిన్న వీడియో తీసి యూట్యూబ్ షార్ట్స్‌లో, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టండి. మనుషులు దొరక్క ఎంత ఇబ్బంది పడుతున్నారో మీకు తెలుసు, అదీ ఒక ఆడియన్సే.

ఒక జాగ్రత్త. ఫొటో తీసేటప్పుడు వెనక బల్ల మీద ఏముందో చూడండి. కస్టమర్ డ్రాయింగ్ కింది మూలన కంపెనీ పేరు, పార్ట్ నంబరు ఉంటాయి. ఫోన్ కెమెరాకి అవి స్పష్టంగా పడతాయి, జూమ్ చేస్తే చదవొచ్చు. డిఫెన్స్ పని చేసేవాళ్ళకీ, గోప్యతా ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్ళకీ ఒక్క ఫొటోతో వెండర్ కోడ్, అంటే ఆ కంపెనీ దగ్గర సప్లయర్‌గా ఉన్న నమోదు, పోవచ్చు. మీరు చేసిన ముక్క వెనక ఒక నీలం గుడ్డ కట్టి ఫొటో తీయండి, సరిపోతుంది. ఇక కస్టమర్ పేరు రాయాలంటే ముందు మెయిల్‌లో అనుమతి తీసుకోండి. నోటి మాట చాలదు.

ఫలితం ఎలా తెలుస్తుంది? లైకులు లెక్కపెట్టొద్దు. పోస్టు కింద అనలిటిక్స్ తెరిస్తే చూసినవాళ్ళు ఏ హోదాల్లో, ఏ ఊళ్ళలో, ఏ రంగాల్లో ఉన్నారో కొంత కనిపిస్తుంది. ప్రాజెక్ట్ ఇంజనీర్లు, పర్చేజ్ వాళ్ళు ఉంటే దారి సరిగ్గా ఉన్నట్టు. స్టూడెంట్లే ఉంటే రాసే విషయం మార్చాలి. రెండోది, మీ ఎంక్వయిరీ రిజిస్టర్‌లో ‘మా గురించి ఎలా తెలిసింది’ అని ఒక గడి గీయండి. ఫోన్ ఎత్తేవాళ్ళు అడిగి రాయాలి. మొదటి నెలల్లో ఆ గడిలో ‘ఫలానా వాళ్ళు చెప్పారు’ అనే ఉంటుంది. కంగారు పడొద్దు. ఆ ఫలానా వాళ్ళకి ఫోన్ చేసి, మీ పోస్టు ఏదైనా చూశారేమో అడగండి.

ఇక ప్రశ్నలకి ముందు ఒక పని. అందరూ ఫోన్ తీసి మీ లింక్డిన్ ప్రొఫైల్ తెరవండి. హెడ్‌లైన్ పైకి చదవండి, ఇక్కడే మార్చేద్దాం. ముందు వరుసలో ఎడమ పక్క నుంచి, మీరు మొదలుపెట్టండి సార్.