మీ సంగతి మీరే చెప్పండమ్మా

నమస్కారమండీ. చెన్నైలో ఉంటున్న మన తెలుగువాళ్ళందరికీ, షేర్ ఆటోలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటున్న పిల్లలకీ, కుట్టు మిషన్ ముందు కూర్చుని వింటున్న అక్కలకీ, పొద్దున్నే రేడియో పెడితే గానీ పని మొదలెట్టని పిన్నులకీ, అందరికీ నమస్కారం. ఇవాళ ముఖ్యంగా ఆడవాళ్ళతోనే మాట్లాడాలని వచ్చాను, మగవాళ్ళు కూడా వినండి, మీకూ ఒక మాట ఉంది, అది చివర్లో చెప్తాను.

కొన్నేళ్ళుగా నేను ఈ ఊళ్ళో పెద్దవయసు తెలుగు ఆడవాళ్ళ మాటలు ఫోన్‌లో రికార్డ్ చేస్తున్నాను. వడపళని, సాలిగ్రామం, షావుకారుపేట, ఎక్కడికెళ్ళినా ముందు వినపడే మాట ఒకటే, "నాదేముందమ్మా చెప్పడానికి, మా ఆయన్ని అడుగు, ఆయనకన్నీ గుర్తు." ఆ మాట అంటున్నావిడ అప్పటికి చీటీలు కట్టి పిల్లల్ని చదివించి, మంచాన పడ్డ అత్తగారికి ఏళ్ళ తరబడి సేవ చేసి, భాష రాని ఊళ్ళో రేషన్ కార్డు దగ్గర్నించీ ఇంటి రిజిస్ట్రేషన్ దాకా తనే తిరిగి ఉంటుంది. అయినా చెప్పడానికేం లేదంటుంది. దీన్ని వినయం అనుకుంటాం గానీ నాకలా అనిపించదు, చిన్నప్పట్నించీ "నువ్వుండు, నీకేం తెలుసు" అని విని విని అది మనసులో దిగిపోయింది అంతే.

మన ఊరి ఆవిడ సంగతే ఒకటి చెప్తాను. బెంగళూరు నాగరత్నమ్మ గారు. 1878లో మైసూరు సంస్థానంలో నంజనగూడులో పుట్టారు, దేవదాసీ కుటుంబం, సంగీతం సాహిత్యం నేర్చుకుని మద్రాసొచ్చి ఇక్కడే పెద్ద విద్వాంసురాలిగా పేరు తెచ్చుకున్నారు. ఆవిడ చేతికి ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం అనే శృంగార కావ్యం వచ్చింది. ముద్దుపళని అంటే 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహ మహారాజు కొలువులో ఉన్న తెలుగు కవయిత్రి. అప్పటికి అచ్చులో దొరుకుతున్న పుస్తకంలో కొన్ని పద్యాలు లేవు, ముందుండే అవతారిక, అంటే కవి తన గురించి చెప్పుకునే భాగం, అదీ లేదు. నాగరత్నమ్మ గారు పట్టుబట్టి అసలు ప్రతి సంపాదించి చూస్తే ఏముందండీ, ఆ అవతారికలో ముద్దుపళని తన గురించి చెప్పుకుంది, తన వంశంలో ఆడవాళ్ళ గురించి చెప్పింది, తను పండితుల్ని ఎలా సన్మానించిందో, తనకి కావ్యాలు అంకితమిచ్చారని కూడా తల ఎత్తుకుని చెప్పుకుంది. శృంగార పద్యాలు తీసేశారంటే సరే, కాలం అలాంటిది అనుకుందాం. ఒక మనిషి నేను ఫలానా, మా వాళ్ళు ఫలానా అని చెప్పుకున్న పేజీల్లో తీసెయ్యాల్సినంత తప్పు ఏముందండీ? నాకు ఇది తల్చుకున్నప్పుడల్లా కడుపు రగిలిపోతుంది.

కందుకూరి వీరేశలింగం గారు, ఆడపిల్లల చదువు కోసం అంత పాటుపడిన మనిషి, ఆయన కూడా ఆడది ఇలాంటివి రాయొచ్చా అని ఈ కావ్యాన్ని తిట్టారు. నాగరత్నమ్మ గారు ఊరుకోలేదు. 1910లో మద్రాసులో పుస్తకాలు అచ్చువేసే వావిళ్ళ వారి చేత పూర్తి పుస్తకం వేయించి, సిగ్గు అనేది ఆడవాళ్ళకేనా మగవాళ్ళకి ఉండక్కర్లేదా అని పీఠికలో నిలదీశారు. తర్వాత గొడవలు, ప్రభుత్వానికి ఫిర్యాదులు, పుస్తకం మీద నిషేధం. టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ప్రభుత్వంలో ఉన్నప్పుడు గానీ ఆ నిషేధం పోలేదు. అన్నేళ్ళూ ఆవిడ చేతులు ముడుచుకుని కూర్చోలేదండోయ్, తిరువైయ్యారులో త్యాగరాజస్వామి సమాధి దగ్గర తన సొంత డబ్బుతో గుడి కట్టించారు, ఆరాధనలో ఆడవాళ్ళని పాడనివ్వకపోతే 1927లో ఆడవాళ్ళనే కూడగట్టి వేరే ఆరాధన మొదలెట్టారు. ఇవాళ అక్కడ ఆడా మగా కలిసి పంచరత్నాలు పాడుతుంటే టీవీలో చూస్తాం, దాని వెనకాల ఎవరున్నారో ఎంతమందికి తెలుసు?

సరే, అవన్నీ గొప్పవాళ్ళ సంగతులు, మాకెందుకు అంటారేమో. 1937లో దుర్గాబాయమ్మ గారు, అదే దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు, ఇదే మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి ఆడపిల్లల్ని బెనారస్ యూనివర్సిటీ వాళ్ళ మెట్రిక్ పరీక్షకి తయారు చేశారు. దుర్గాబాయమ్మ గారి గురించి పుస్తకాల్లో ఉంది, మరి ఆ పరీక్ష కోసం దీపం దగ్గర కూర్చుని చదివిన పిల్లల సంగతి? వాళ్ళు ఎవరో ఒకరికి అమ్మమ్మలు అయ్యే ఉంటారు కదా, మనం అడగలేదు, వాళ్ళు చెప్పలేదు, అంతే పోయింది.

వడపళనిలో ఒక అక్క ఉంది, సినిమాల్లో హెయిర్ డ్రెస్సర్‌గా చేసింది. తెలుగు సినిమా పరిశ్రమ హైదరాబాద్ వెళ్ళిపోయినప్పుడు చాలామంది సామాను సర్దుకుని వెళ్ళారు, ఈవిడ పిల్లల బడి కోసం ఇక్కడే ఉండిపోయింది. మీ జీవితం గురించి చెప్పండి అంటే ఒక్క ముక్క రాలేదు, టీ పెడతానని లేచింది. అప్పుడు నేను "అక్కా, సవరం ఊడకుండా ఎలా కడతారు" అని అడిగాను. ఇంక చూడండి, నన్ను పీట మీద కూర్చోబెట్టి, పిన్నులు పెదాల మధ్య పెట్టుకుని, నా జుట్టు మూడు పాయలు తీస్తూ మొదలెట్టింది. ఏ షూటింగ్‌లో వాన పడి కొప్పు జారిందో, పొద్దున్న నాలుగింటికి కంపెనీ వ్యాన్ వస్తే పాలు తాగే పిల్లని పక్కింట్లో ఎలా ఇచ్చి వెళ్ళేదో, మేకప్ పని తనకీ వచ్చని తెలిసినా అది మగవాళ్ళ పని అని ఎవరూ చెయ్యనిచ్చేవాళ్ళు కాదని, పిన్నులు నోట్లో ఉండగానే అన్నీ చెప్పేసింది. మేకప్ సంగతి అబద్ధం కాదు, ముంబయి సినిమా యూనియన్ వాళ్ళు ఆడవాళ్ళకి మేకప్ ఆర్టిస్ట్ కార్డు ఇవ్వకపోతే కొందరు కోర్టుకెళ్ళారు, అది చెల్లదని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2014 నవంబర్ వచ్చింది. అక్కకి ఆ తీర్పు సంగతే తెలీదు. నేను చెప్తే చేతులు ఆపేసి "మరి నా సర్వీసంతా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

అందుకే ఇంట్లో పెద్దవాళ్ళని అడిగేటప్పుడు జీవితం గురించి అడక్కండి, పని గురించి అడగండి. మొదటి జీతం ఎంత, ఎవరి చేతికిచ్చావు, ఈ ఊరొచ్చిన కొత్తలో అరవం ఎవరు నేర్పారు, చదువు ఏ క్లాసులో ఆగింది, ఆ రోజు ఏమైంది. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి బల్ల మీద పెట్టండి, అది చాలు. పక్క గదిలో మనుషులుంటే చెప్పే మాట మారిపోతుంది, కాబట్టి ఇద్దరే ఉన్నప్పుడు కూర్చోండి. రికార్డ్ చేసింది ఆవిడని అడక్కుండా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, ఏది బయటికెళ్ళాలో ఏది వెళ్ళకూడదో తేల్చేది ఆవిడే. కొన్ని సంగతులు చెప్పకుండా ఉంచుకునే హక్కు కూడా ఆవిడదే. వడపళని అక్క అయితే "అంతా వినిపించమ్మా, పేరు మాత్రం మా మనవరాలి సంబంధం కుదిరాక చెప్దువుగాని" అంది, సరేనన్నాను.

మీ గురించి మీరే చెప్పుకోవాలనుకుంటే మరీ మంచిది. నలుగురూ ఏమనుకుంటారో అనే భయం ఉంటుంది, ఉండదని నేను అబద్ధం చెప్పను, కొందరు అంటారు కూడా. ఇంత వయసొచ్చాక ఇప్పుడివన్నీ ఎందుకంటారు, ఇంటి పరువు అంటారు. కానీ మీరు చెప్పకపోతే మీ గురించి ఇంకెవరో చెప్తారు, వాళ్ళకి నచ్చని పేజీలు తీసేసి చెప్తారు. రాయడం రాకపోతే మాట్లాడండి, అరవం కలిసిన తెలుగైనా పర్వాలేదు, మనం మాట్లాడేదే అది.

ఇప్పుడు మగవాళ్ళకి మాట. మీ ఆవిడ చెప్తున్నప్పుడు హాల్లోంచి "ఆ ఏడాది కాదే, తర్వాతేడు" అని సరిదిద్దకండి దయచేసి. ఏడాది తప్పైతే తప్పవనివ్వండి, తర్వాత చూసుకోవచ్చు. ఆ ఒక్క మాటతో ఆవిడ ఆగిపోయి "ఆయన్నే అడుగు" అనేస్తుంది, ఇది నేను చాలా ఇళ్ళల్లో చూశాను. ఆ గంటసేపు పిల్లల్ని తీసుకుని మీరు అలా మెరీనాకో పార్కుకో వెళ్ళి రండి.

ఉంటానండీ, నమస్కారం.