యాంకీస్, రెడ్ సాక్స్: ఎవరి పిచింగ్ ఎన్ని నెలలు నిలుస్తుంది?

(2025 డిసెంబరు మొదటి వారంలో జరిగిన చర్చా కార్యక్రమం పాఠం)

సమన్వయకర్త: నమస్కారం. 2026 బేస్‌బాల్ సీజన్‌లో న్యూయార్క్ యాంకీస్, బోస్టన్ రెడ్ సాక్స్ జట్ల పిచింగ్ (బంతి వేసే విభాగం) ఎలా ఉండబోతోందన్నది ఈనాటి చర్చ. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి యాంకీస్ అభిమాని అయిన ఇంజనీరు గారు, బోస్టన్‌లో గణాంకశాస్త్రం బోధిస్తూ రెడ్ సాక్స్ పక్షాన నిలిచే మాస్టారు, క్రీడాకారుల కీళ్లకు చికిత్స చేసే డాక్టరు గారు మనతో ఉన్నారు. ఇంజనీరు గారూ, అక్టోబరులో గెలిచింది మీరే కనుక మీతోనే ప్రారంభిద్దాం.

ఇంజనీరు: ధన్యవాదాలండీ. వైల్డ్ కార్డ్ సిరీస్‌ను, అంటే సీజన్ ముగిశాక జరిగే ప్లేఆఫ్‌ల తొలి రౌండును, రెడ్ సాక్స్ మీద మేము 2-1 తేడాతో గెలిచాం. అయితే ఆ గెలుపు వచ్చిన తీరు చూస్తే మా జట్టు బలమూ, బలహీనతా రెండూ ఒకేసారి కనిపిస్తాయి. 2025 మార్చిలో మా ప్రధాన పిచర్ గెరిట్ కోల్ మోచేతికి శస్త్రచికిత్స జరగడంతో ఆయన ఆ ఏడాది ఒక్క బంతి కూడా వేయలేదు. ఎనిమిదేళ్లకు 21.8 కోట్ల డాలర్ల ఒప్పందంతో వచ్చిన మాక్స్ ఫ్రీడ్ 19 విజయాలు, కార్లోస్ రోడాన్ 18 విజయాలు సాధించి ఆ లోటును పూడ్చారు. చివరికి మూడో మ్యాచ్‌లో జట్టును గట్టెక్కించింది మాత్రం జులైలో తొలిసారి పెద్ద లీగ్‌లో అడుగుపెట్టిన కామ్ ష్లిట్లర్. తొమ్మిదింటిలో ఎనిమిది ఇన్నింగ్స్ వేసి, 12 మందిని స్ట్రైక్ అవుట్ (బంతిని కొట్టలేక అవుటయ్యేలా) చేసి, ఒక్క వాక్ (చెడు బంతుల వల్ల బ్యాటర్‌కు ఉచితంగా దక్కే తొలి బేస్) కూడా ఇవ్వకుండా రెడ్ సాక్స్‌ను సున్నాకే కట్టడి చేశాడు. ఆ కుర్రాడిది మాస్టారు ఉంటున్న మసాచుసెట్స్ రాష్ట్రమే. చదువుకున్నది కూడా బోస్టన్‌లోనే.

మాస్టారు: ఆ సంగతి మా ఊళ్లో నాకు ఎవరూ మరిచిపోనివ్వడం లేదు లెండి. ష్లిట్లర్ అద్భుతంగా వేశాడన్న మాటను కాదనను. కానీ ఆ రోజు మా తరఫున బంతి అందుకున్నది ఎవరో కూడా చెప్పుకోవాలి. కానెలీ అర్లీ అనే కుర్రాడు సెప్టెంబరులోనే పెద్ద లీగ్‌కు వచ్చాడు. టానర్ హౌక్‌కు ఆగస్టులో మోచేతి శస్త్రచికిత్స అయింది, వాకర్ బ్యూలర్‌ను ఆ నెలలోనే జట్టు వదులుకుంది, లూకాస్ జియోలిటో ప్లేఆఫ్‌లకు ముందు మోచేతి నొప్పితో తప్పుకున్నాడు. మొదటి మ్యాచ్‌లో గారెట్ క్రోషే 117 బంతులు వేసి, 11 స్ట్రైక్ అవుట్లతో ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా నిలబడి గెలిపించాడు; రెండో మ్యాచ్‌లో బ్రయాన్ బెల్లో మూడో ఇన్నింగ్స్ కూడా పూర్తి చేయలేదు; మూడో మ్యాచ్ నాటికి మాకు అనుభవం ఉన్న స్టార్టరే (మ్యాచ్ ఆరంభంలో బంతి అందుకునే పిచర్) మిగలలేదు. కాబట్టి ఆ సిరీస్ నిర్ణయమైంది అక్టోబరులో కాదు, వేసవిలో ఒక్కొక్క పిచర్‌ను పోగొట్టుకుంటూ వచ్చినప్పుడే.

సమన్వయకర్త: క్రికెట్‌కు అలవాటుపడిన మన ప్రేక్షకుల కోసం ఒక మాట. టెస్టు మ్యాచ్‌లో ప్రధాన బౌలర్ నిన్న బౌలింగ్ చేసి, ఈ రోజు మళ్లీ బంతి అందుకోగలడు. బేస్‌బాల్‌లో స్టార్టర్ ఒకసారి మ్యాచ్ వేశాక సాధారణంగా నాలుగైదు రోజులు విశ్రాంతి తీసుకోవాలి. 162 మ్యాచ్‌ల సీజన్‌లో జట్టుకు ఐదుగురు స్టార్టర్లు అవసరం కావడానికి కారణం ఇదే. డాక్టరు గారూ, ఇద్దరూ మోచేతుల గురించే మాట్లాడుతున్నారు.

డాక్టరు: మాట్లాడక తప్పదు. మోచేయి లోపలి వైపున ఉండే లిగమెంట్ మీద ప్రతి బంతికీ విపరీతమైన లాగుడు పడుతుంది. అది తెగినప్పుడు శరీరంలో మరోచోటి నుంచి టెండన్ తీసి అమర్చే శస్త్రచికిత్సను 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ తొలిసారి టామీ జాన్ అనే పిచర్‌కు చేశారు. ఆ పేరే దానికి స్థిరపడింది. కోలుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పట్టడం మామూలు. ఆ లెక్కన కోల్ 2026 వేసవికి ముందు వస్తాడని ఆశపడకూడదు. వచ్చినా మొదటి కొన్ని వారాలు బంతి వేగం కన్నా గురి తిరిగి కుదరడం కష్టం. రోడాన్‌ది వేరే సమస్య. అక్టోబరులో మోచేతిలోని ఎముక ముక్కలను తీసివేశారు కాబట్టి సీజన్ ఆరంభానికి అతడూ ఉండడు. క్లార్క్ ష్మిట్‌కు జులైలో జరిగింది అతని మోచేతి లిగమెంట్‌కు రెండో శస్త్రచికిత్స. రెండోసారి కోలుకోవడం మరింత అనిశ్చితం.

ఇంజనీరు: డాక్టరు గారు చెప్పినదాన్ని బట్టే నా వాదన. 2026లో యాంకీస్ అంటే ఒక జట్టు కాదు, రెండు జట్లు. ఏప్రిల్‌లో ఫ్రీడ్, ష్లిట్లర్, 2024లో ఉత్తమ కొత్త ఆటగాడి పురస్కారం గెలిచిన లూయిస్ హిల్, 2025లో 33 మ్యాచ్‌లు ప్రారంభించిన విల్ వారెన్‌లతో బండి లాగించాలి. కోల్, రోడాన్ తిరిగి వస్తే ఆగస్టులో మా వరుసకు సాటి ఉండదు. అందుకే మా వాళ్లు ఈ శీతాకాలంలో ఖరీదైన స్టార్టర్ కోసం ఎగబడకపోయినా నాకు కోపం లేదు.

మాస్టారు: నాకు మాత్రం ఆ వాదనలోనే లోపం కనిపిస్తోంది. 2025లో యాంకీస్, టొరంటో బ్లూ జేస్ రెండూ 94 మ్యాచ్‌లే గెలిచాయి. పరస్పర మ్యాచ్‌లలో టొరంటో 8-5తో ముందుండడం వల్ల డివిజన్ (ఈ మూడు జట్లూ ఉన్న విభాగం) అగ్రస్థానం వారికి దక్కింది, మీరు వైల్డ్ కార్డ్ ఆడాల్సి వచ్చింది. అంటే ఏప్రిల్‌లో పోయిన ఒక్క మ్యాచ్ ధర సెప్టెంబరులో పోయిన మ్యాచ్ ధరతో సమానం. ఆగస్టులో ఎంత బలమైన వరుస ఉన్నా, అప్పటికే పోగొట్టుకున్నవి తిరిగి రావు. మా జట్టు ఈ విషయం గ్రహించినట్లే ఉంది. 18 విజయాలు, 2.59 ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ ఖాతాలో పడే పరుగుల సగటు; తక్కువైతే మేలు), 255 స్ట్రైక్ అవుట్లతో ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ పురస్కారం ఓట్లలో రెండో స్థానంలో నిలిచిన క్రోషే వెనుక నిలబడడానికి సెయింట్ లూయిస్ జట్టు నుంచి సానీ గ్రేను తెచ్చుకుంది.

ఇంజనీరు: గ్రే మా జట్టులో ఆడినప్పటి సంగతి మాకు తెలుసు కదా మాస్టారూ. 2018లో ఈఆర్ఏ ఐదుకు దగ్గరగా వెళ్లింది.

మాస్టారు: నిజమే. న్యూయార్క్ అతనికి సరిపడలేదు, అతనూ ఆ అయిష్టాన్ని దాచుకోలేదు. కానీ 2023లో కోల్ సై యంగ్ గెలిచినప్పుడు రెండో స్థానంలో ఉన్నది ఆ గ్రేయే. 35 ఏళ్ల వయసులో 2025లో 180 ఇన్నింగ్స్ వేసి 201 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు. 4.28 ఈఆర్ఏ గొప్పదేమీ కాదు. నేను ఆశపడుతున్నది అతని నైపుణ్యం కన్నా, వారం తప్పకుండా మైదానంలోకి వచ్చే అలవాటు మీద.

సమన్వయకర్త: డాక్టరు గారూ, క్రోషే విషయంలో మీకు ఆందోళన ఉందని కార్యక్రమానికి ముందు అన్నారు.

డాక్టరు: ఉంది. అతనికి 2022లో టామీ జాన్ శస్త్రచికిత్స జరిగింది. పూర్తి స్థాయి స్టార్టర్‌గా తొలి ఏడాది 2024లో 146 ఇన్నింగ్స్ వేశాడు, 2025లో అది 205 దాటింది, ఆ పైన ప్లేఆఫ్‌లో ఒకే మ్యాచ్‌లో 117 బంతులు. ఒక్క ఏడాదిలో ఇంత పెరుగుదలను చేయి భరించిందంటే మరుసటి ఏడాది కూడా భరిస్తుందని హామీ ఇవ్వలేం. నేను ఆ జట్టు వైద్యుణ్ణి అయితే జూన్ వరకు అతన్ని ఆరు రోజులకు ఒకసారే దింపమని అడుగుతాను.

మాస్టారు: అడిగితే ఒప్పుకుంటాను, కానీ ఏప్రిల్‌లో మాకు దొరికే అవకాశం అంతటితో సగం కరిగిపోతుంది. 2025లో యాంకీస్‌తో ఆడిన 13 మ్యాచ్‌లలో 9 మేమే గెలిచాం. ఆ ఆధిక్యాన్ని కాపాడుకోవడానికి కోల్ లేని నెలల్లోనే వీలుంది.

సమన్వయకర్త: స్టార్టర్ తప్పుకున్నాక బంతి అందుకునే రిలీవర్ల సంగతి?

ఇంజనీరు: అక్కడ మాస్టారి పక్షమే మెరుగు, ఒప్పుకోవాలి. ఒకప్పుడు మా ముగింపు పిచర్ అయిన అరోల్డిస్ చాప్‌మన్ 37 ఏళ్ల వయసులో 1.17 ఈఆర్ఏ, 32 సేవ్‌లు (స్వల్ప ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడిన మ్యాచ్‌లు) సాధించాడు. వైల్డ్ కార్డ్ మొదటి మ్యాచ్‌లో ఫ్రీడ్ ఏడో ఇన్నింగ్స్ దాకా ఒక్క పరుగు ఇవ్వకుండా వెళ్లిపోయాక మా రిలీవర్ ఆధిక్యాన్ని పోగొట్టాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మూడు బేస్‌లూ నిండి, ఒక్క అవుట్ కూడా లేని స్థితిలోంచి చాప్‌మన్ బయటపడ్డాడు. ముగింపుకు డేవిడ్ బెడ్నార్ మా దగ్గర ఉన్నాడు కానీ అతని ముందు ఎనిమిదో ఇన్నింగ్స్ ఎవరిదో నాకు ఇంకా తెలియడం లేదు.

సమన్వయకర్త: చివరిగా, డివిజన్ ఎవరిది?

ఇంజనీరు: టొరంటో డిలన్ సీస్‌కు ఏడేళ్లకు 21 కోట్ల డాలర్లు ఇచ్చింది. అమెరికన్ లీగ్ విజేతగా నిలిచాక ఇంకా స్టార్టర్‌ను కొన్న జట్టు అది. అభిమానిగా యాంకీస్ అనాలని ఉంది గానీ, జూన్ ఒకటికి మేము టొరంటో కన్నా నాలుగు మ్యాచ్‌లకు మించి వెనుకబడితే డివిజన్ ఆశ వదులుకుంటాను.

మాస్టారు: నాకు క్రోషే 30 మ్యాచ్‌లు ప్రారంభిస్తే రెడ్ సాక్స్. పాతిక దాటకపోతే టొరంటో.

డాక్టరు: పాతిక నుంచి ముప్ఫై మధ్య అయితే?

మాస్టారు: అప్పుడు మళ్లీ వైల్డ్ కార్డే, డాక్టరు గారూ. ఈసారైనా మా గడ్డ మీద ఆడిస్తే చాలు.