రాయి తీశారు, మరి స్టెంట్ తీశారా?

శ్రోతలకు నమస్కారం. కిడ్నీలో రాళ్ల గురించి మాట్లాడమన్నారు. రాళ్లు ఎందుకు వస్తాయి, ఏం తినాలి, ఏం తినకూడదు అన్నవి మీరు చాలాసార్లు వినే ఉంటారు. నీళ్లు బాగా తాగండి అన్న ఒక్క మాటతో దాన్ని వదిలేస్తాను. ఈ కాస్త సమయంలో ఒక ఆపరేషన్ గురించీ, అది అయ్యాక చాలామంది మరిచిపోయే ఒక సన్న గొట్టం గురించీ చెప్పాలని ఉంది.

గుంటూరు వైపు నుంచి ఒక మిరప రైతు నా దగ్గరికి వచ్చారు. పొద్దంతా ఎండలో పని, తాగే నీళ్లు తక్కువ. డొక్కలో మొదలై గజ్జల్లోకి దిగే నొప్పి. ఊళ్లో చెప్పినట్టే ఉలవకట్టు తాగారు, కొండపిండి ఆకు వండుకుని తిన్నారు. అందులో నేను తప్పు పట్టేదేమీ లేదు. 5 మిల్లీమీటర్ల లోపు రాయి చాలామందికి దానంతటదే మూత్రంలో పడిపోతుంది, పేరు కొండపిండికి వస్తుంది. కానీ ఈయన రాయి స్కానింగ్‌లో రెండున్నర సెంటీమీటర్లు ఉంది. కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే నాళం వెడల్పు చూస్తే 3, 4 మిల్లీమీటర్లు. ఏం తాగినా ఆ రాయి ఆ దారిన రాదు.

"కొయ్యాలా డాక్టరు గారూ?" అని అడిగారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. వాళ్ల నాన్నకు పాత పద్ధతిలో ఆపరేషన్ అయింది. డొక్క మీద జానెడు కోత, కోలుకునేసరికి ఒక పంట కాలం పోయిందట.

కొయ్యకుండా వీపు వైపు నుంచి సన్నని దారి చేసి రాయిని తీయొచ్చని 1976లో స్వీడన్ వైద్యులు ఫెర్న్‌స్ట్రామ్, యోహాన్సన్ చూపించారు. దాన్నే ఇప్పుడు పీసీఎన్ఎల్ అంటున్నాం. రెండు సెంటీమీటర్లు దాటిన రాళ్లకు ఎక్కువగా ఇదే చేస్తాం. చిన్న రాళ్లకైతే మూత్రం వచ్చే దారిలోంచే సన్న కెమెరా పంపి లేజర్‌తో పొడి చేయడం, బయటి నుంచి షాక్ తరంగాలతో పగలగొట్టడం ఉన్నాయి.

రైతు గారికి మత్తు ఇచ్చి, బోర్లా పడుకోబెట్టాం. ముందే కింది నుంచి పంపిన గొట్టంలోంచి మందు ఎక్కిస్తే, ఎక్స్‌రే తెర మీద కిడ్నీలోని గదులన్నీ గీత గీసినట్టు కనపడతాయి. అప్పుడు వీపులోంచి ఒక సూది. అది సరిగ్గా రాయి ఉన్న గదిలోకి దిగాలి. దిగితే సూది వెనక నుంచి ఒక మూత్రం చుక్క వస్తుంది. ఆ చుక్క కోసం అందరం ఊపిరి బిగబట్టి చూస్తాం. ఎన్ని ఆపరేషన్లు చేసినా నాకు ఆ చుక్క కనపడితేనే ధైర్యం. ఆ సూదిలోంచి తీగ పంపి, తీగ మీదుగా దారిని కొద్దికొద్దిగా వెడల్పు చేస్తాం. ఎంత వెడల్పు? ఒక సెంటీమీటరు లోపే. అందులోంచి కెమెరా పంపితే రాయి ఎదురుగా ఉంటుంది. పగలగొట్టి, ముక్కలు ఒక్కొక్కటే బయటికి తీశాం. రక్తస్రావం, ఇన్ఫెక్షన్ లాంటి ప్రమాదాలు దీనికీ ఉన్నాయి, అందుకే ముందే మూత్ర పరీక్ష, రక్త పరీక్ష చేస్తాం. ఆయనకు ఏ ఇబ్బందీ రాలేదు. మూడో రోజు ఇంటికి వెళ్లిపోయారు.

రాయి పోయింది. కానీ లోపల స్టెంట్ ఉంది.

నేను చెప్పాలనుకున్నది ఇదే. ఇలాంటి ఆపరేషన్ల తర్వాత నాళం వాచి మూసుకుపోకుండా, మిగిలిన నలుసులు అడ్డుపడకుండా, కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా ఒక మెత్తని గొట్టం పెడతాం. డీజే స్టెంట్ అంటారు. అందరికీ అవసరం రాదు, చాలామందికి పెడతాం. అది ఉన్నన్నాళ్లూ మాటిమాటికీ మూత్రం వచ్చినట్టుంటుంది, పోసేటప్పుడు డొక్కలో లాగుతుంది, ఒక్కోసారి ఎర్రగా పడుతుంది. "రాయి తీసేశారుగా, మళ్లీ ఈ నొప్పేంటండీ?" అని రైతు గారి భార్య కంగారుగా ఫోన్ చేసింది అందుకే.

ఆ ఇబ్బంది కొందరికి రెండు వారాల్లో అలవాటైపోతుంది. అప్పుడే మరిచిపోతారు. స్టెంట్ కొన్ని వారాల కోసం పెట్టేది. నెలలు దాటితే, బోరు నీళ్లు కాచే గిన్నెకు పెచ్చు కట్టినట్టు దాని చుట్టూ రాయి పేరుకుంటుంది. ఏళ్లు గడిస్తే స్టెంట్ విరిగిపోవచ్చు, కిడ్నీయే పాడైపోవచ్చు. ఒక్క రాయి కోసం వచ్చిన మనిషికి అప్పుడు రెండు మూడు ఆపరేషన్లు పట్టవచ్చు.

ఇందులో పేషెంట్లనే తప్పు పట్టడం నాకు నచ్చదు. డిశ్చార్జి రోజు హడావుడిలో, ఇంగ్లిష్‌లో రాసిన కాగితంలో ఎక్కడో ఒక మూల ఆ ముక్క ఉంటే ఎవరికి గుర్తుంటుంది? తీయాల్సిన తేదీని తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి చేతికివ్వాల్సింది మేమే. రైతు గారి కూతురు ఆ తేదీని ఫోన్‌లో అలారం పెట్టుకుంది. మిరప కోతలు జోరుగా ఉన్నా ఆ రోజుకి తీసుకొచ్చింది. మూత్ర మార్గంలో మత్తు జెల్లీ పెట్టి, సన్న కెమెరాతో తీసేశాం. కొద్ది నిమిషాల పని. కోత లేదు, కుట్టు లేదు.

మీ ఇంట్లో ఎవరికైనా రాయి ఆపరేషన్ అయి ఉంటే, డిశ్చార్జి కాగితం తీసి చూడండి. అమ్మానాన్నలు ఊళ్లో, మీరు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటే, ఆ కాగితం ఫొటో పంపమని అడగండి. డీజే స్టెంట్ అని ఉందా, తీసినట్టు రాసి ఉందా, అదే చూడాలి. తీయకపోతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్లండి, అక్కడికి వీలుకాకపోతే దగ్గర్లోని యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. కాగితం పోయినా టెన్షన్ పడొద్దు, మామూలు ఎక్స్‌రేలో స్టెంట్ తెల్లటి గీతలా కనపడుతుంది. స్టెంట్ ఉండగా చలి, జ్వరం వస్తే మాత్రం ఇచ్చిన తేదీ దాకా ఆగకండి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. నమస్కారం.