దత్తత పాప వచ్చే ముందు వంటింట్లో ఏం నింపాలి? 12 డబ్బాల సెట్ రివ్యూ

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తాను, ఈ డబ్బాల సెట్ నేను కొన్నది కాదు, కంపెనీ వాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులు ఇవ్వలేదు. ఏ డబ్బా ఎన్ని లీటర్లు, ఏ ప్లాస్టిక్, డిష్‌వాషర్‌లో పెట్టొచ్చా, ఇవన్నీ మీరు ఈపాటికి వేరే రివ్యూల్లో చూసే ఉంటారు. నేను వాటి జోలికి వెళ్లను. ఈ రోజు మాట్లాడేది ప్రధానంగా మూత గురించి. మూత గురించి ఇంతసేపా అనుకోకండి, మా ఇంట్లో అది చాలా పెద్ద విషయం.

మాకు పాప వచ్చి ఐదు నెలలైంది. వచ్చేనాటికి 22 నెలలు. పేరు చెప్పను, మొహం చూపించను, అది మీకు తెలుసు. దత్తత కోసం ఏళ్లు ఎదురుచూస్తాం కానీ, కారా పోర్టల్‌లో, అంటే దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ వెబ్‌సైట్‌లో, రెఫరల్ (ఫలానా పాప ఉందని వివరాలు) వచ్చాక అంతా పరుగే. పాపను రిజర్వ్ చేసుకోవడానికి 48 గంటలే టైమ్. కలెక్టర్ గారి దత్తత ఆర్డర్ ఆ తర్వాతెప్పుడో వస్తుంది, పాప మాత్రం ఫోస్టర్ కేర్ కింద, అంటే ఆర్డర్ వచ్చేదాకా మన సంరక్షణలో పెంచుకునేలా, ముందే మన ఇంటికి వచ్చేస్తుంది. రిజర్వ్ చేసుకున్నాక పాప వచ్చేలోపు దొరికిన కొద్ది రోజుల్లో నేను చేసిన పని వంటింటిని నింపడం. ఓట్స్, కినోవా, మఖానా, పండ్ల గుజ్జు పౌచ్‌లు, ఆర్గానిక్ రాగి కుకీలు. దాదాపు ఎనిమిది వేలు పెట్టాను.

పాప వాటిలో ఒక్కటీ ముట్టుకోలేదు.

పాప వివరాలన్నీ రాసిన చైల్డ్ స్టడీ రిపోర్ట్ ఇచ్చారు, మెడికల్ రిపోర్ట్ ఇచ్చారు. నేను బరువు, టీకాలు, రక్త పరీక్షలు పదిసార్లు చదివాను. తిండి గురించి అడగాల్సింది పాప అంతవరకు పెరిగిన శిశుగృహలో ఆయమ్మనని నాకు తట్టలేదు. ఇంటికొచ్చిన మూడో రోజు ఫోన్ చేసి అడిగితే ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పొద్దున అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పొడితో జావ, కొంచెం పల్చగా, గోరువెచ్చగా. మధ్యాహ్నం మెత్తటి పప్పన్నం, గుడ్డు. సాయంత్రం పాలు, అందులో ముంచిన బిస్కెట్. రాత్రి మళ్లీ పప్పన్నమే, కారం లేకుండా. "గిన్నె స్టీల్‌దే పెట్టమ్మా, ప్లాస్టిక్‌ది అయితే పక్కకు నెట్టేస్తది" అని కూడా చెప్పింది. ఆ మాట ఏ రిపోర్టులోనూ లేదు.

కాబట్టి మీరు సరుకులు కొనే ముందు ఆయమ్మతో కూర్చోండి. పాలు ఏ రకం, పొడి పాలా ప్యాకెట్ పాలా, ఎంత నీళ్లు కలుపుతారు, ఇవి కూడా అడగండి. మేము మొదటి రోజే చిక్కటి గేదె పాలు పట్టి విరేచనాలు తెచ్చుకున్నాం. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇంట్లో ఉండటం మా అదృష్టం. పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, సగం సగం కలపకూడదు.

బాలామృతం షాపులో దొరకదు. 7 నెలల నుంచి 3 ఏళ్ల పిల్లలకు అంగన్‌వాడీలో ఇస్తారు, 2.5 కిలోల ప్యాకెట్. పాప రాగానే మీ వీధి అంగన్‌వాడీలో పేరు రాయించండి, మనం డబ్బున్నవాళ్లం కదా అని మొహమాటపడకండి. అది పాపకు తెలిసిన రుచి. పేరు ఎక్కేలోపు నేను ఇంట్లోనే చేశాను. అందులో ఉండేది వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె. గోధుమలు, పప్పు దోరగా వేయించి మర పట్టించి మిగతావి కలిపాను. అచ్చం అలాగే రాలేదు కానీ, మొదటి చెంచాకే నోరు తెరిచింది. ఆ రోజు నేను వంటింట్లో గట్టు పట్టుకుని ఏడ్చాను.

ఇప్పుడు డబ్బాల దగ్గరికి వస్తాను. రెండో రాత్రి పాప నిద్రపోయాక పిడికిలి విప్పి చూస్తే అందులో ఇడ్లీ ముక్క. తర్వాత దిండు కింద బిస్కెట్, గౌను జేబులో అన్నం ముద్ద. మా అత్తమ్మ భయపడిపోయింది, పిల్లకు ఏమైనా లోపమా అని. లోపం కాదు. శిశుగృహలో వాళ్లకు టైముకి తిండి పెడతారు, బాగానే పెడతారు. కానీ అది వస్తుంది, అయిపోతుంది, గిన్నెలు తీసుకెళ్లిపోతారు. వంటింట్లో ఇంకా ఉందన్న సంగతి ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు. మా ఇంట్లో మాత్రం అన్నీ మా అమ్మ ఇచ్చిన స్టీలు డబ్బాలు, పైఅరలో. నిండుగా ఉన్నా పాపకు కనిపించేది మెరిసే ఇనుమే.

ఈ సెట్ వచ్చింది సరిగ్గా అప్పుడే. అద్దంలా కనిపించే డబ్బాలు. చిన్నవి నాలుగింటిని తీసి కింది అరలో, పాప నడుము ఎత్తులో పెట్టాను. ఒకదాంట్లో బిస్కెట్లు, ఒకదాంట్లో అరటిపండు, ఒకదాంట్లో ఉడికించిన చిలగడదుంప ముక్కలు, ఒకదాంట్లో ఇడ్లీ. పల్లీలు, శనగలు, గుండ్రటి ద్రాక్ష వద్దు, గొంతులో అడ్డం పడతాయి. తింటున్నంతసేపూ పక్కనే కూర్చుంటాను.

పాప వచ్చింది, చూసింది, మూత లాగింది. రాలేదు. మళ్లీ లాగింది. డబ్బా నేలకేసి కొట్టి ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు వైపులా నాలుగు క్లిప్పులు, నా బొటనవేలికే నొప్పి పుట్టేంత గట్టివి. గాలి చొరబడదని అట్ట మీద గొప్పగా రాశారు. తిండి కనిపిస్తూ చేతికి అందకపోవడం, ఇలాంటి పిల్లకు అంతకంటే బాధ ఏముంటుంది?

ఆ రాత్రి చాకు మొనతో మూత లోపలి రబ్బరు రింగు లాగేశాను. క్లిప్పులు వదిలేసి మూత ఊరికే పైన పెట్టాను. పొద్దున ఒక్క చేత్తో తీసింది! బిస్కెట్ తీసుకుంది, మూత మళ్లీ పెట్టింది, మళ్లీ తీసి చూసింది. ఇంకా ఉంది. ఆ రోజు అలా ఎన్నిసార్లు చేసిందో లెక్కే లేదు.

రబ్బరు తీస్తే చీమలు వస్తాయి, బిస్కెట్లు మెత్తబడతాయి. అందుకే ఒక పూటకు సరిపడానే వేస్తాను, కింద నీళ్లు పోసిన పళ్లెం పెడతాను. చీమల మందు చాక్‌పీస్ ఆ చుట్టుపక్కల గీయొద్దు. ఇంకో మాట, డబ్బాలు పాప చూస్తుండగానే నింపండి. ఎక్కడి నుంచి వస్తోందో తనకు తెలియాలి. ఆరో వారానికి దిండు కింద ఏమీ దొరకలేదు. జేబులో అప్పుడప్పుడూ ఇంకా దొరుకుతోంది, నేను ఏమీ అనను.

ఇంతకుముందు కిచిడీ గడ్డకట్టించి పెట్టే సిలికాన్ ట్రే ఒకటి కొన్నాను. ఎండాకాలం కరెంటు పోయి రెండుసార్లు పారబోశాను. పాపకు ఆ వాసన నచ్చలేదు కూడా. దాని గురించి అంతకంటే చెప్పేదేమీ లేదు.

పెద్ద డబ్బాలు ఎనిమిది అట్టపెట్టెలోనే ఉన్నాయి. పసుపు మరక పడితే పోవట్లేదు, ఒక క్లిప్పు అప్పుడే విరిగింది. 1,299 పెట్టి సెట్ మొత్తం కొనమని నేను చెప్పను. కానీ ఆ చిన్నవి నాలుగూ నా దగ్గర నుంచి ఎవరడిగినా ఇవ్వను. విడిగా అమ్మమని, మూత వదులు చేయమని కంపెనీకి రాశాను, జవాబు రాలేదు. మీ వీధి ప్లాస్టిక్ సామాన్ల షాపులో అద్దంలా కనిపించే డబ్బా, ఊరికే పైన పెట్టే మూత దొరికితే అదే తీసుకోండి.

మీ ఇంటికొచ్చిన బిడ్డ మొదటి నెల ఏం తిన్నది, ఏం తినలేదు కింద రాయండి, రేపు తెచ్చుకునే వాళ్లు చదువుకుంటారు. పేర్లు, ఫోటోలు మాత్రం పెట్టకండి.