280జెడ్‌లో ఫ్యూజిబుల్ లింకుల స్థానంలో మ్యాక్సీ ఫ్యూజులు: ఏడాది వాడాక నా మాట

నమస్కారమండీ. ఇది 1977 డాట్సన్ 280జెడ్ కారు. డాలస్‌లో మూడేళ్లుగా నా దగ్గర ఉంది. ఇవాళ ఇంజిను జోలికి వెళ్లను. బ్యాటరీకి దగ్గరలో, లోపలి ఫెండర్ మీద ఉన్న ఈ చిన్న మూతల కింద ఏముందో చూద్దాం.

కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు వీటి కింద నాలుగు తీగ ముక్కలుండేవి. వాటినే ఫ్యూజిబుల్ లింకులంటారు. ఇంధన ఇంజెక్షన్ కోసం బ్యాటరీ దగ్గర ఇంకొకటి విడిగా ఉంటుంది. చూడటానికి మామూలు తీగే, కానీ తాను కాపాడే తీగ కంటే సన్నంగా ఉంటుంది. గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది; 10 గేజి తీగను కాపాడాలంటే 14 గేజి లింకు వేయడం వాడుకలో ఉన్న లెక్క. ఎక్కడైనా షార్టు అయితే ముందుగా ఇదే కరుగుతుంది. పై తొడుగు సులభంగా మండని రకం కాబట్టి రాగి లోపలే తెగిపోతుంది, మంట బయటికి రాదు.

ఆలోచన మంచిదే. చిక్కు ఎక్కడంటే, లింకు పోయిందని కంటికి కనిపించదు. తొడుగు చెక్కుచెదరకుండా ఉంటుంది, లోపల రాగి ఉండదు. రెండు చివర్లూ పట్టుకుని మెల్లగా లాగి చూడండి. రబ్బరులా సాగితే పోయినట్టే.

నేను కారు కొన్న వారానికి ఈ మూత తీశాను. నాలుగింటిలో ఒకటి లింకే కాదు! ఎవరో మామూలు తీగ ముక్క కోసి, రెండు టెర్మినళ్లు తగిలించి పెట్టారు. అంటే ఆ దారిలో రక్షణ అనేదే లేదు. షార్టు అయి ఉంటే కరిగేది ఆ ముక్క కాదు, డ్యాష్‌బోర్డు వెనక ఉన్న తీగల కట్ట. అది చూశాక ఆ రాత్రి బ్యాటరీ నెగెటివ్ కేబులు విప్పేసి గానీ ఇంట్లోకి వెళ్లలేదు.

మిగిలిన మూడూ అసలైనవే, కానీ టెర్మినళ్లు పచ్చగా చిలుము పట్టాయి. హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి ప్రధాన లింకు రెండు వైపులా మల్టీమీటరు పెడితే 0.4 వోల్టు చూపించింది. ఆ సమయంలో అందులో పారుతున్నది సుమారు 30 ఆంపియర్లు. గుణిస్తే 12 వాట్లు. అంటే ఒక చిన్న బల్బంత వేడి, ఈ ప్లాస్టిక్ మూత కింద, ఎవరూ చూడని చోట! ఇది తయారుచేసినవాళ్ల తప్పని నేను అనను. నలభై ఏళ్లు దాటిన రాగి మీద వయసు చూపే ప్రభావం అది.

ఇక పెట్టినవి చూడండి. వీటిని మ్యాక్సీ ఫ్యూజులంటారు. మామూలు బ్లేడు ఫ్యూజుకు అన్నయ్య లాంటివి. 20 నుంచి 80 ఆంపియర్ల దాకా దొరుకుతాయి. ఆకుపచ్చ 30, ఎరుపు 50, నీలం 60. ఎగిరిపోతే లోపలి లోహపు పట్టీ తెగినట్టు పైనుంచే కనిపిస్తుంది. దీని కోసమే నేను ఈ పనికి దిగాను. చిన్న బ్లేడు ఫ్యూజులు ఇక్కడ వద్దు. మోటార్లు మొదలయ్యే క్షణంలో లాగే కరెంటును పాత లింకు కాసేపు ఓర్చుకునేది, మ్యాక్సీ కూడా అలాగే ఓర్చుకుంటుంది.

ఎన్ని ఆంపియర్లు వేయాలని చాలామంది అడిగారు. ఫ్యూజు కాపాడేది తీగను. ఈ ఒక్క మాట పట్టుకుంటే సగం గందరగోళం పోతుంది. ఇంజినుతో తిరుగుతూ కరెంటు పుట్టించే నా ఆల్టర్నేటర్ 60 ఆంపియర్లది. అంతే రేటింగున్న ఫ్యూజు వేస్తే రాత్రి అన్నీ వేసి నడిపినప్పుడు అంచు మీద ఉంటుంది, అందుకే ప్రధాన దారిలో 80 వేశాను. కానీ పాత తీగ మీద 80 వేయడానికి మనసు ఒప్పలేదు. ఆ దారి మొత్తానికి కొత్తగా 8 గేజి తీగ లాగాను. మిగిలిన దారుల్లో క్లాంపు మీటరుతో కరెంటు కొలిచాను. నిరంతరం పారేది ఫ్యూజు రేటింగులో 75 శాతం దాటకూడదు, ఫ్యూజేమో తీగ మోయగలిగిన దానికి మించకూడదు.

ఫ్యూజులు కూర్చునే హోల్డర్ల దగ్గర మాత్రం నేను దెబ్బతిన్నాను. మొదట కొన్నవి చవకవి. నాలుగు నెలలకే ఒకదాని లోపలి పట్టు వదులై, ప్లాస్టిక్ గోధుమరంగుకు మారింది. ఫ్యూజు బాగానే ఉంది, మెత్తబడింది హోల్డరు. అవి తీసేసి, గట్టి స్ప్రింగు పట్టు, రబ్బరు సీలు ఉన్నవి పెట్టాను. డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. టెర్మినళ్లను కూడా శ్రావణంతో నొక్కి వదిలేయకండి. సరైన క్రింపు పనిముట్టుతో నొక్కి, వేడి తగిలితే ముడుచుకుని పట్టేసే, జిగురున్న హీట్ ష్రింకు గొట్టం తొడగండి. మొత్తం ఖర్చు, పారేసిన హోల్డర్లతో కలిపి, 90 డాలర్ల లోపే అయింది.

మళ్లీ చేయాల్సి వస్తే ప్రధాన దారిలో మ్యాక్సీ బదులు బోల్టుతో బిగించే మిడీ ఫ్యూజు వేస్తాను. కుదుపులకు కదలదు. రోడ్డు మీద మార్చాలంటే స్పానరు కావాలి, అది పెద్ద ఇబ్బంది కాదు. కారును అచ్చంగా పాత రూపంలోనే ఉంచాలనుకునేవాళ్లు కొత్త ఫ్యూజిబుల్ లింకులే కొనుక్కోండి, అందులో తప్పేమీ లేదు. టెర్మినళ్లు శుభ్రంగా ఉండేలా చూసుకుంటే చాలు. ఇంకో సంగతి, స్టార్టరుకు వెళ్లే లావు కేబులుకు అప్పుడూ ఫ్యూజు లేదు, ఇప్పుడూ లేదు. అది ఎక్కడా ఒరుసుకోకుండా చూసుకోవాల్సింది మనమే.

ఇదిగో, ఇప్పుడు అదే కొలత మళ్లీ తీస్తున్నాను. హెడ్‌లైట్లు వేశాను, బ్లోయరు వేశాను. 0.06 వోల్టు. ఏడాది క్రితం బిగించిన రోజు 0.05 ఉండేది. డాలస్ ఎండలో ఒక వేసవి గడిచాక కూడా ఇంతే.

మూత లోపలి వైపు ఈ కాగితం చూశారా? ఏ ఫ్యూజు ఏ దారిది, ఎన్ని ఆంపియర్లు, ఎంత లావు తీగ, అన్నీ రాసి అంటించాను. రేపు ఈ కారు ఎవరి చేతికి వెళ్లినా, మూత తీయగానే ఇది కనిపిస్తుంది.