నాలుగు డాలర్ల పళ్లెం: సింగపూర్ హాకర్ సెంటర్‌లో ఒక కుటుంబం నడిపే దుకాణం

[దృశ్యం: తెల్లవారుజాము. తోవా పాయో ప్రాంతంలోని హాకర్ సెంటర్. సగం దుకాణాల్లో మాత్రమే దీపాలు వెలుగుతున్నాయి.]

నమస్కారం. సింగపూర్‌కు కొత్తగా వచ్చిన మన తెలుగువారిలో చాలామంది మొదటి కొద్ది రోజులు సెరంగూన్ రోడ్డు చుట్టుపక్కలే భోజనం చేస్తారు. అక్కడి టెక్కా సెంటర్‌లో దోసె, బిర్యానీ, పరాటా అన్నీ దొరుకుతాయి కనుక అది సహజమే. అయితే ఈ నగరంలో తక్కువ ధరకు, రుచిగా, శుభ్రంగా తినాలంటే ఇళ్ల మధ్యనున్న ఒక మామూలు హాకర్ సెంటర్‌కు (వండి అమ్మే చిన్న వ్యాపారులైన హాకర్ల దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటుకు) వెళ్లి, ఒక కుటుంబం ఏళ్ల తరబడి ఒకే వంటకం చేస్తున్న దుకాణం ముందు వరుసలో నిలబడాలని నా నమ్మకం. అటువంటి దుకాణం ఎలా నడుస్తుందో, అక్కడ పళ్లెం ధర ఎందుకు అంత తక్కువో ఈ వీడియోలో చూద్దాం.

[దృశ్యం: దుకాణం లోపల. నల్లటి వెడల్పాటి ఇనుప పెనం. పక్కన తెల్లటి దిమ్మలతో నిండిన ట్రేలు.]

మీరు చూస్తున్న దుకాణంలో భార్యాభర్తలు, వారి కుమారుడు పని చేస్తారు. ఇక్కడ దొరికేది ఒక్కటే వంటకం. దాన్ని తియోచ్యూ అనే చైనా భాషలో ‘చాయ్ తావ్ క్వే’ అంటారు, ఇంగ్లీషులో అందరూ క్యారట్ కేక్ అంటారు. ఇందులో క్యారట్ లేదు, ఇది కేకూ కాదు. ముల్లంగికీ క్యారట్‌కూ చైనా భాషల్లో దగ్గరి పేర్లు ఉండటం వల్ల ఆ పేరు స్థిరపడింది. తురిమిన తెల్ల ముల్లంగిని బియ్యప్పిండితో కలిపి ఆవిరి మీద ఉడికిస్తే మన ఆవిరి కుడుము వంటి దిమ్మ తయారవుతుంది. దాన్ని రాత్రంతా చల్లారనిస్తారు. ఇక్కడే అసలు మెలకువ ఉంది. వేడి దిమ్మను పెనం మీద వేస్తే ముద్దయిపోతుంది, చల్లారి గట్టిపడినది వేస్తే అంచులు కరకరలాడుతూ లోపల మెత్తగా ఉంటుంది. రాత్రి మిగిలిన ఇడ్లీలతో పొద్దున్నే ఉప్మా చేసే ప్రతి ఇంట్లోనూ ఈ సంగతి తెలుసు.

[దృశ్యం: పెనం మీద ముక్కలు, అట్లకాడ కదలిక, దగ్గరి నుంచి.]

ఆ ఇంటి పెద్దావిడ దిమ్మను పెనం మీదే అట్లకాడ అంచుతో చిన్న ముక్కలుగా తెగ్గొట్టి, అవి ఒక పక్క ఎర్రబడే వరకు కదపకుండా వదిలేశారు. తర్వాత వెల్లుల్లి, ఉప్పులో ఊరబెట్టి సన్నగా తరిగిన ముల్లంగి వేసి, పైన గుడ్లు పగలగొట్టి పోసి, గుడ్డు పూర్తిగా గట్టిపడకముందే మొత్తాన్ని ఒక్కసారిగా తిరగేశారు. చివరన ఉల్లికాడలు చల్లారు. దీన్ని తెల్ల రకం అంటారు. ఇదే పెనం మీద చిక్కటి తియ్యని సోయా సాస్ పోసి కలిపితే నల్ల రకం అవుతుంది. నాకు తెల్ల రకమే నచ్చింది, ఎందుకంటే అందులో ఊరిన ముల్లంగి ఉప్పదనం, మాడీ మాడని గుడ్డు వాసన విడివిడిగా తెలుస్తాయి. కారం కావాలంటే అడగాలి, అడిగితే ఒక చెంచాడు సంబల్ అనే మిరప పచ్చడి పక్కన వేస్తారు.

ఇక ధర సంగతి. ఇటువంటి పళ్లెం 4 సింగపూర్ డాలర్ల దరిదాపుల్లో దొరుకుతుంది. మాల్‌లోని రెస్టారెంట్‌లో కూర్చుంటే మెనూలో రాసిన ధర మీద 10 శాతం సేవా రుసుము, ఆపైన 9 శాతం జీఎస్‌టీ కలుస్తాయి. ఇక్కడ బోర్డు మీద ఉన్న అంకె ఎంతో అంతే ఇవ్వాలి. బల్లలు అన్ని దుకాణాలకూ ఉమ్మడివి, కాబట్టి దుకాణదారుకు భోజనశాల అద్దె ఉండదు. ఒకే వంటకం కాబట్టి సరుకు వృథా కాదు, చేయి ఆగకుండా సాగుతుంది. మరో ముఖ్యమైన కారణం చరిత్రలో ఉంది. ఒకప్పుడు వీధుల్లో, నది ఒడ్డున బండ్లు పెట్టుకున్న వ్యాపారులను ప్రభుత్వం 1971 నుంచి 1986 వరకు కట్టించిన సెంటర్లలోకి తరలించింది. నీళ్లు, మురుగుకాలువ, కరెంటు ఉన్న ఆ గదుల్లో స్థిరపడిన తొలితరం వారికి అద్దెలో రాయితీ ఇచ్చింది. దుకాణం తీసుకున్నవారు దాన్ని మరొకరికి మారుబాడుగకు ఇవ్వకూడదు, తామే వచ్చి నడపాలి. అందుకే ఈ దుకాణాల్లో భార్య పెనం దగ్గర, భర్త డబ్బుల దగ్గర, కొడుకు కూరగాయల దగ్గర కనిపిస్తారు.

కానీ ఆ తక్కువ ధరలో ఒక భాగం ఈ కుటుంబం లెక్క కట్టని గంటలదే. బయట వాళ్లకు జీతం ఇచ్చి ఇదే పని చేయిస్తే 4 డాలర్లకు ఈ పళ్లెం రాదు. హాకర్ల వయసు సగటున 60కి దగ్గరగా ఉందన్న మాట వింటే, తర్వాతి తరం ఈ పెనం ముందుకు వస్తుందా అన్న బెంగ కలుగుతుంది. సింగపూర్ హాకర్ సంస్కృతిని యునెస్కో 2020 డిసెంబరులో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 2016లో చైనాటౌన్ కాంప్లెక్స్‌లోని ఒక సోయా సాస్ చికెన్ దుకాణానికి, మంచి రెస్టారెంట్లకు మిషెలిన్ గైడు ఇచ్చే నక్షత్రం వచ్చినప్పుడు అక్కడి చికెన్ అన్నం ధర 2 డాలర్లు మాత్రమే.

[దృశ్యం: బల్లపై టిష్యూ ప్యాకెట్. పానీయాల దుకాణం.]

మొదటిసారి వెళ్లేవారు కొన్ని పద్ధతులు తెలుసుకుంటే మంచిది. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే ఆ చోటు ఎవరో ముందుగా పట్టుకున్నారని అర్థం, దాన్ని ‘చోప్’ చేయడం అంటారు. దుకాణం నడిపేవారిని అంకుల్, ఆంటీ అని పిలవడం ఇక్కడి మర్యాద. కాఫీ వేరే దుకాణంలో దొరుకుతుంది. కోపి అంటే చిక్కటి తియ్యటి పాలు (కండెన్స్‌డ్ మిల్క్) కలిపినది, కోపి ఓ అంటే పాలు లేకుండా చక్కెరతో ఇచ్చేది, చివర కోసోంగ్ అంటే చక్కెర కూడా వద్దని. గుడ్డ సంచిలో వడగట్టిన ఆ కాఫీ మన ఫిల్టర్ కాఫీ కంటే నల్లగా, కాస్త మాడు వాసనతో ఉంటుంది. రెండో రోజుకు అలవాటైపోతుంది.

శాకాహారులు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. కొన్ని చోట్ల ఇదే వంటకాన్ని పంది కొవ్వుతో వేయిస్తారు, సంబల్‌లో ఎండు రొయ్యలు ఉంటాయి, లక్సా అనే కొబ్బరిపాల నూడుల్స్ పులుసులోనూ ఉంటాయి. గుడ్డు తీసేయమంటే సరిపోదు, ఏ నూనెతో చేస్తారని అడగాలి. చాలా సెంటర్లలో బౌద్ధ శాకాహార దుకాణం ఒకటి ఉంటుంది, అక్కడి వేయించిన సన్న బియ్యపు సేమ్యా పొద్దుటి పూట కడుపు నింపుతుంది.

తిన్న తర్వాత పళ్లెం మనమే తీసుకెళ్లి అరల్లో పెట్టాలి. 2021 నుంచి ఇది నిబంధన. హలాల్ పళ్లాల అర వేరుగా ఉంటుంది, గుర్తు చూసి పెట్టండి.

[దృశ్యం: మధ్యాహ్నం. ఖాళీ ట్రేలు.]

మేము ఖాళీ పళ్లెం పెట్టి తిరిగి వచ్చేసరికి రెండో ట్రే కూడా అయిపోయింది. ఆంటీ పెనాన్ని గీకి తుడుస్తుంటే, అంకుల్ వెనకాల ముల్లంగి తురుముతున్నారు, కుమారుడు రేపటి దిమ్మకు బియ్యప్పిండి కలిపి, ఆవిరి పాత్ర కింద మంట పెంచాడు.