97 శాతం వెనక్కొస్తుందంట, మరి డబ్బులేవి?

(చేతిలో పాత ఉంగరం, కెమెరాకి దగ్గరగా)

నమస్తే అందరికీ. అసలు ఈ వారం ప్లాన్ చేసిన వీడియో ఇది కాదు. మొన్న ఒక పెళ్లిలో భోజనాల దగ్గర మా తమ్ముడి ఫ్రెండ్ నా పక్కన కూర్చున్నాడు, బీటెక్ అయి ఆరు నెలలైంది. ఫోన్‌లో డబ్బులతో పందెం కాసే ఆ విమానం గేమ్ చూపించి "అన్నా, దీని ఆర్‌టీపీ, అదే రిటర్న్ టు ప్లేయర్, ఆడేవాడికి తిరిగొచ్చేది, 97 శాతం, అంటే వెయ్యి పెడితే 970 ఎటూ వెనక్కొస్తాయి, పోతే ముప్పై రూపాయలు, రెండు టీల ఖర్చు" అన్నాడు. నాకు పులిహోర గొంతులో అడ్డం పడింది. ఇదే మాట నేను వినడం ఇది నాలుగోసారి, చెప్పిన నలుగురూ లెక్కలు బాగా వచ్చినోళ్లే! జూదం తప్పని క్లాస్ పీకడానికి రాలేదు, అది మీ ఇంట్లో వాళ్లు పీకుతారు. నా గొడవంతా ఆ 97తోనే.

సరే, ఈ ఉంగరం చూడండి. మా మేనమామది ప్రొద్దుటూరులో బంగారం పని. పాత నగ చెరిపించి కొత్తది చేయిస్తే తరుగు పోతుందని మీకు తెలుసు. తరుగు 3 శాతం అనుకుందాం, వంద గ్రాములిస్తే 97 చేతికొస్తాయి. ఇప్పుడు ఆ 97ని మళ్లీ చెరిపించండి, నచ్చలేదు, మళ్లీ చెరిపించండి. పదిసార్లు చెరిపిస్తే దాదాపు 74 గ్రాములు మిగులుతాయి, 23 సార్లకి సగం గోవిందా, వందసార్లు చెరిపిస్తే ఐదు గ్రాములు కూడా ఉండవు. మామ మోసం చేయలేదు, ప్రతిసారీ చెప్పిన 3 శాతమే తీసుకున్నాడు. ఎన్నిసార్లు చెరిపించావు అన్నదే అసలు లెక్క.

ఆర్‌టీపీ అంటే అదే. 97 అనేది నువ్వు వాలెట్‌లో వేసిన వెయ్యి మీద కాదు, నువ్వు పెట్టే ప్రతి పందెం మీద. వాలెట్‌లో వెయ్యి ఉంది, రౌండ్‌కి వంద పెడుతున్నావు, 12 సెకన్లకి ఒక రౌండ్ అనుకుంటే గంటకి 300 రౌండ్లు, అంటే గెలిచిందీ ఓడిందీ తిప్పి తిప్పి పెట్టిన పందేలన్నీ కలిపితే 30,000 రూపాయలు, దాని మీద 3 శాతం తరుగు 900. రెండు టీల ఖర్చన్న బాబూ, ఆ తొమ్మిది వందలతో పెళ్లివాళ్లందరికీ టీ పోయొచ్చు.

గోవాలో పడవ మీది క్యాసినోలో అయినా ఇదే తరుగు, అక్కడి రూలెట్ చక్రం చూడండి, బంతి ఏ అంకె గడిలో ఆగుతుందో అని పందెం కాసే ఆట. ఒకే సున్నా ఉన్న చక్రంలో 37 గడులు, మీ అంకె పడితే మీ రూపాయితో కలిపి 36 ఇస్తారు. అన్ని గడుల మీదా తలా రూపాయి పెట్టారనుకోండి, 37 పెట్టి 36 తీసుకుంటారు, ఆ ఒక్క రూపాయితోనే వాడి బిల్డింగ్, వాడి లైట్లు, మీకిచ్చే ఫ్రీ భోజనం. కానీ టేబుల్ నిండా జనం ఉంటే అక్కడ గంటకి ఓ నలభై సార్లు తిరుగుతుంది అంతే. ఫోన్‌లో మూడొందలు. మామ దుకాణం మీ పరుపు మీదకే వచ్చేసింది, రాత్రి రెండింటికి కూడా షట్టర్ దించడు.

"మరి నాకు మొదట్లో డబ్బులొచ్చాయిగా అన్నా?" వస్తాయి! ఇక్కడ ఉంగరం ఉదాహరణ కాస్త సాగదీయాలి. నిజం మామ ప్రతిసారీ సరిగ్గా 97 గ్రాములిస్తాడు. ఈ మామ ఒకసారి 150 ఇస్తాడు, ఇంకోసారి 40, ఒక్కోసారి సున్నా, సగటున 97. ఆ 150 వచ్చిన రోజు మీరు ఊరంతా చెప్తారు, 40 వచ్చిన రోజు నోరెత్తరు, అందుకే మీ ఫ్రెండ్స్ అందరూ గెలుస్తున్నట్టు కనిపిస్తారు. నాకు తెలిసి కొత్తవాడికి జరగగలిగే పెద్ద ప్రమాదం మొదటి వారంలో ఓడిపోవడం కాదు, గెలవడం.

బోనస్ సంగతి. వెయ్యి వేస్తే వెయ్యి ఫ్రీ, కానీ తీసుకోవాలంటే బోనస్‌కి 30 రెట్లు ఆడాలని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. 30 రెట్లంటే 30,000, తరుగు 900, ఇందాకటి లెక్కే. కొన్ని చోట్ల మీ డబ్బు, బోనస్ రెండూ కలిపి 30 రెట్లు అంటారు, అప్పుడు తరుగు 1,800. వెయ్యి ఉచితం కోసం పద్దెనిమిది వందలు! ఉంగరం ఫ్రీ, కానీ ముప్పైసార్లు చెరిపించాలి అన్నట్టు.

(టైమర్ చూసి) అయ్యో, టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తా.

పోయిన ప్రతిసారీ డబుల్ పెడితే ఎప్పుడో ఒకప్పుడు వచ్చేస్తుంది అనేవాళ్లు: వందతో మొదలుపెట్టి పదిసార్లు వరసగా పోతే 1,02,300 పోయినట్టు, పదకొండో పందెం 1,02,400, అది గెలిస్తే లాభం వంద. వరసగా పదిసార్లు ఎక్కడ పోతుందిలే అంటారా, 1913లో మాంటే కార్లో క్యాసినోలో రూలెట్ బంతి వరసగా 26 సార్లు నలుపు గడిలోనే పడింది, ఈసారి ఎరుపే అని పెట్టినోళ్లంతా మునిగారు.

రమ్మీ స్కిల్ కదా అనేవాళ్లు: నిజమే, 1967లో మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే సుప్రీంకోర్టు రమ్మీలో నైపుణ్యమే ఎక్కువని చెప్పింది. అయినా టేబుల్ నడిపేవాడు ప్రతి ఆటలోనూ కమిషన్ కోసుకుంటాడు, అదీ తరుగే. పైగా తెలంగాణ 2017లో, ఏపీ 2020లో ఆన్‌లైన్ పందేలు నిషేధించాయి, 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చి స్కిల్లైనా లక్కైనా డబ్బులు పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆటలన్నీ బంద్ అంది. నడిపినోడికి మూడేళ్ల వరకు జైలు, కోటి వరకు ఫైన్. అందుకే ఇప్పుడు టెలిగ్రామ్ లింకులో ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ బయట నుంచి ఎక్కించుకునే యాప్) వస్తోంది, డబ్బులు రోజుకో పేరున్న యూపీఐకి వేయమంటారు, విత్‌డ్రా ఆగితే అడగడానికి ఆఫీస్ లేదు, అడ్రస్ లేదు. ఇంకోటి, "నీ బ్యాంక్ అకౌంట్ అద్దెకివ్వు, కమిషన్ ఇస్తాం" అంటే అస్సలు ఇవ్వకండి, రేపు పోలీసులు వెతికేది అకౌంట్ ఎవరి పేరు మీదుందో వాళ్లనే. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి. ఆడకుండా ఉండలేకపోతున్నాను అనిపిస్తే 14416, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పటికే ఆడుతున్నవాళ్లు ఒక పని చేయండి, ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ తీసి ఆటకి వెళ్లినవి ఒక వరస, వచ్చినవి ఒక వరస రాసి కూడండి. పెళ్లిలో ఆ అబ్బాయికీ ఇదే చెప్పాను. "ఇంటికెళ్లగానే పంపిస్తా అన్నా" అన్నాడు. పదకొండు రోజులైంది. మెసేజ్ పెడితే బ్లూ టిక్కులు పడుతున్నాయి, అంతే.